ఒక్క నొక్కు, రెండు క్లిక్కులు

ఆమె పేరు గీత కాదు. ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో ఆమె పని గీతలు గీయడం కాబట్టి అందరూ గీతక్క అనేవారు. అసలు పేరు మెడలో వేలాడే గుర్తింపు కార్డుకే పరిమితమైపోయింది.

మనిషి ఒంటిని పలుచని పొరలుగా కోసి చూపినట్టుండే స్కాన్ బొమ్మలు ఆమె తెర మీదకు వస్తాయి. ఒక్కొక్కరికి నూటికి తక్కువ ఉండవు. కిరణాలు తగలాల్సిన గడ్డ చుట్టూ డాక్టరు గీత గీస్తాడు. తగలకూడని వాటి చుట్టూ, ముఖ్యంగా వెన్నుపాము చుట్టూ, గీతక్క గీస్తుంది. మౌస్‌తో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వెళ్లి, చివర వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే గీత మూసుకుంటుంది. ఆ గీతల లోపలికి కిరణాలు వీలైనంత తక్కువగా వెళ్లేలా కంప్యూటర్ లెక్క కడుతుంది. గీత ఎక్కడుంటే దానికి వెన్నుపాము అక్కడున్నట్టే. అంతకు మించి దానికేమీ తెలియదు.

పదకొండేళ్లుగా ఆమె వాడుతున్నది ఒకటే మౌస్. వైరున్న పాతరకం. అరచేయి ఆనేచోట అరిగి నున్నగా అయిపోయింది. వైరు మొదలు దగ్గర నల్లటేపు రెండు చుట్లు ఉంది. తోటివాళ్లు దాన్ని ముసలి ఎలుక అని ఆటపట్టించేవారు. దాని మీద చెయ్యి వేస్తే తన వేలే తెర మీద తిరుగుతున్నట్టుంటుందని గీతక్క అనేది.

రెండు నెలల కిందట చీఫ్ అందరికీ వైరు లేని కొత్త మౌస్‌లు తెప్పించాడు. కిరణాల లెక్కలన్నిటికీ బాధ్యుడు ఆయనే. నెమ్మదస్తుడు, ఒకమాట రెండుసార్లు అనడు. గీతక్క మాత్రం ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కొత్తది చేతికంటే వెంట్రుకవాసి వెనకబడుతోందనీ, బ్యాటరీ తగ్గితే తెర మీది బాణం గెంతుతోందనీ, మిల్లీమీటర్లతో చేసే పనికి అది పనికిరాదనీ సమావేశంలో అందరి ముందూ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. పాత వస్తువు చెప్పాపెట్టకుండా పాడవుతుందని చీఫ్ అన్నాడు. చేతిలో ఉన్నది పాడైతే తెలియనంత మొద్దుబారలేదు నా చెయ్యి అని ఆమె జవాబిచ్చింది. కొత్త మౌస్ డబ్బా విప్పకుండానే ఆమె సొరుగులోకి వెళ్లింది.

ఆ మంగళవారం ఉదయం పదిన్నర దాటింది. ఒక ఫోల్డర్ పేరు చూద్దామని గీతక్క దాని మీద ఒక్కసారి నొక్కింది. అది తెరుచుకుంది. రెండుసార్లు నొక్కితే తప్ప తెరుచుకోకూడదు. పొరపాటున నొక్కానేమో అనుకుని మూసేసి, ఈసారి వేలిని చూసుకుంటూ ఒకేసారి నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు. నాలుగోసారికి తెరుచుకుంది.

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

శుక్రవారం సాయంత్రం తెర మీద ఒక కిటికీ దానంతటదే మూసుకుపోయిన సంగతి గుర్తొచ్చింది. కంప్యూటర్ అలసిపోయిందని అప్పుడు నవ్వుకుంది కూడా. శుక్రవారం నుంచి ఈ మౌస్‌తో గీసినవి ముగ్గురివి. ఇద్దరికి ఇంకా చికిత్స మొదలవలేదు. మూడో ఆయన కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే పెద్దమనిషి. గొంతులో గడ్డ. మొత్తం ముప్ఫై మూడు సార్లు కిరణాలు పెట్టాలి. నిన్న మొదటిది అయింది. రెండోది ఈరోజు పది నలభైకి.

గోడ గడియారంలో పది ముప్ఫై ఎనిమిది.

ముందు ఫైలు తెరిచి చూసుకుందామా అనుకుంది. నూట పన్నెండు బొమ్మలు. ఎంత పరుగెత్తించినా పది నిమిషాలు పడుతుంది. ఏమీ లేకపోతే అనవసరంగా ఆపినదవుతుంది. ఆపితే కారణం రాయాలి, కారణం రాస్తే చీఫ్ ముందు నిలబడాలి. ఇదంతా తలలో తిరుగుతుండగానే ఆమె చెయ్యి ఫోను ఎత్తింది.

మెషిన్ గదిలో టెక్నీషియన్ పలికింది. పెద్దాయన్ని బల్లమీద పడుకోబెట్టి, తల కదలకుండా మొహం మీద జల్లెడలాంటి ముసుగు బిగించేశామనీ, తలుపు వేసి బటన్ నొక్కడమే తరువాయి అనీ చెప్పింది.

"నొక్కకు" అంది గీతక్క. "ముసుగు విప్పేసి ఆయన్ని లేపి కూర్చోబెట్టు."

"ఏమైందక్కా?"

"నా గీత మీద నాకే అనుమానంగా ఉంది."

టెక్నీషియన్ సరేనంది.

ఐదు నిమిషాల్లో చీఫ్, డాక్టరు ఇద్దరూ ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. ఆమె నీళ్లు నమలకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. శుక్రవారం కిటికీ సంగతి కూడా దాచలేదు. కీబోర్డుతో ఒక్కొక్క బొమ్మా జరుపుతూ చూపించసాగింది. పది, ఇరవై, నలభై. వెన్నుపాము చుట్టూ గీత గుండ్రంగా, బుద్ధిగా ఉంది. అరవై దాటాక డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. బయట ఎనిమిదిమంది వేచి ఉన్నారని గొణిగాడు. తప్పు దొరకాలని కోరుకోవాలో, దొరకకూడదని కోరుకోవాలో ఆమెకు తెలియలేదు.

డెబ్భై ఒకటో బొమ్మ దగ్గర చీఫ్ "ఆగండి" అన్నాడు.

గుండ్రంగా ఉండాల్సిన గీత ఒకపక్క చెక్కేసినట్టు తిన్నగా ఉంది. ఆఖరి రెండు చుక్కలు పడకముందే మూసుకుపోయింది. వెన్నుపాములో మూడోవంతు గీతకు బయట, కాపలా లేని ఇంటిలా ఉంది. డెబ్భై నాలుగులోనూ అంతే. ఆమె వేలు చుక్క పెట్టాననుకుంది, మౌస్ గీత మూసెయ్యమంది, ఆమె ఆ వేగంలోనే తరువాతి బొమ్మకు వెళ్లిపోయింది. సంతకం పెట్టేముందు గడ్డనే చూశాననీ, వెన్నుపాము వైపు సరిగ్గా చూడలేదనీ డాక్టరు మెల్లగా ఒప్పుకున్నాడు.

చీఫ్ కుర్చీ లాక్కుని లెక్కకు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నిన్నటి ఒక్కసారిలో వెన్నుపాముకు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే తగిలింది కానీ హద్దుకు చాలా దూరంలోనే ఉంది. ముప్ఫై మూడుసార్లూ అలాగే సాగి ఉంటే సంగతేమిటని గీతక్క అడిగింది. ఆయన తెరమీది అంకె చూపించాడు. అది హద్దు దాటి, కాళ్లూచేతులూ పడిపోయే ప్రమాదం తెచ్చేంత ఉంది.

"సార్, ఆ రోజు మీరు చెప్పినప్పుడు..." అని మొదలుపెట్టింది.

"అది తరువాత. ముందు ఆయనకు చెప్పాలి. నేను చెప్పనా?"

"నేనే చెప్తాను."

పెద్దాయన బయట బెంచీమీద కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. ముసుగు గళ్ల అచ్చులు బుగ్గలమీద ఇంకా మాసిపోలేదు. గీతక్క వాళ్ల ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని అన్నీ చెప్పింది. తప్పెక్కడ జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో, నిన్న ఎంత తగిలిందో. కూతురి మొహం ఎర్రబడింది. పాడైన మౌస్‌తో మనిషి ప్రాణాలమీదకు తెస్తారా అని నిలదీసింది. గీతక్క ఆ మాటలన్నీ తలవంచుకుని విన్నది.

ముప్ఫై ఏళ్లు మార్కెట్టంతా మోగించిన గొంతు ఇప్పుడు గుసగుసగా మిగిలింది. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒకటోసారి అయింది. రెండోసారికి ఆపేశారు. మా పాటలో అయితే సరుకు ఇంకా ఎవరిదీ కానట్టేనమ్మా."

గీతక్క నవ్వలేకపోయింది. కూతురు కూడా నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం చీఫ్ ముసలి ఎలుకను పరీక్షకు పెట్టాడు. రెండువందల నొక్కుల్లో ఏడుసార్లు ఒకటికి రెండు పడ్డాయి. దాన్ని సంచిలో వేసి, గీతక్క రాసిన నివేదికతో పాటు సీలు వేశారు. తప్పు తనదేనని ఆమె రాసిన వాక్యం కింద చీఫ్ ఇంకో వాక్యం చేర్చాడు. మౌస్‌ను ఎన్నాళ్లకు మార్చాలో విభాగంలో నియమమంటూ లేకపోవడం తన లోపమని. ఇకపై అందరివీ ఏడాదికోసారి మారతాయి. వైరున్నది కావాలంటే కొత్తగా వైరున్నదే తెప్పిస్తానన్నాడు. బాణం వెనకబడటం గురించి ఆమె చెప్పింది నిజమేనని తాను కొలిచి చూశానని కూడా చెప్పాడు. ఆ మాట వింటే సంతోషం కలగాల్సింది. ఆమెకు ఏడుపొచ్చింది.

కొత్తది వచ్చేదాకా సొరుగులోని డబ్బా విప్పక తప్పలేదు. పెద్దాయన గీతలన్నీ మళ్లీ గీయడానికి, నలభై నిమిషాల పనికి, ఆరోజు మూడు గంటలు పట్టింది. గీత మూసిన ప్రతిసారీ చెయ్యి తీసేసి, బొమ్మను పెద్దదిచేసి, చుట్టూ చూసుకుని గానీ ముందుకు కదల్లేదు. మిగతా ఇద్దరివీ మొదటినుంచీ గీసింది. చీఫ్ లెక్కలు మళ్లీ కట్టించాడు, డాక్టరు పక్కనే కూర్చుని ఒక్కొక్క బొమ్మా చూసి సంతకం పెట్టాడు.

మర్నాడు పది నలభైకి పెద్దాయన మళ్లీ బల్లమీద పడుకున్నాడు. తలుపు మూశారు. ఎర్రదీపం వెలిగింది. టెక్నీషియన్ల వెనక గీతక్క గోడకు ఆనుకుని నిలబడి, దీపం ఆరేదాకా రెప్పవేయలేదు. ఆయన బయటికొచ్చి నీళ్లు తాగాడు. కూతురు గీతక్కను చూసి కాసేపు తటపటాయించి, రేపు ఎన్నింటికి రావాలని అడిగింది.

"ఇదే టైముకమ్మా" అంది గీతక్క.