లౌక్యంగా

అత్తారింట్లో లౌక్యంగా మసులుకోమని పెళ్లికి ముందు అమ్మ చెబితే బిందుకి ఒళ్లు మండింది. లౌక్యమంటే లోపల ఒకటి, పైకి ఒకటి కాదూ? ఆ విద్య తనకి అక్కర్లేదనుకుంది. కానీ పెళ్లిచూపుల్లోనే వాళ్ల నాన్న కోతలు కోసేశాడు. “మా పిల్ల అరిసెలొండితే ఊరంతా సెప్పుకుంటాది” అన్నాడు. నిజానికి బిందుకి తినడమే వచ్చు.

ఇప్పుడు చీపురుపల్లిలో ఉన్న ఆడపడుచుకి సారె పంపాలి. అరిసెలు కొత్త కోడలే వండాలన్నారు. అక్కడ సారె వీధిలో ఇంటింటికీ పంచుతారు. అరిసెలు చెడితే రెండిళ్ల పరువూ వీధిన పడ్డట్టే. పైగా పెత్తనానికి మామగారి అక్క దిగింది. పేరుకే చిన్నతల్లి, నోరు చాలా పెద్దది.

పెరట్లో కట్టెలపొయ్యి మీద బెల్లంపాకం ఉడుకుతోంది. ఎప్పుడు దించాలో తెలియక బిందు గరిటె ఎత్తుతోంది, మళ్లీ ముంచుతోంది. అత్తగారు భాగ్యవతి ఆ గరిటెకేసి ఒక్కసారి చూసింది.

“వదినా, తీగపాకం రాగానే పిండి పోసీడమే గదా?” అంది తాపీగా.

చిన్నతల్లి ఇంతెత్తున లేచింది. “ఏటి? తీగపాకానికి పోస్తే నూనెలో ఇడిపోవా? నీళ్లలో యేస్తే మెత్తగా ఉండ కట్టాల! ఇంత వయసొచ్చినాది, ఇదీ తెల్దేటే నీకు?”

“మరి పిండి పొయ్యి మీదే కలపాలా?”

“ఓలమ్మో! దించీసి, కొంచెం కొంచెం పోస్తా కలపాలే!”

బిందు పెళ్లికి అరిసెలన్నీ వండింది ఈ భాగ్యవతే. ఇప్పుడు ఏమీ తెలియనిదానిలా తిట్లు తింటోంది. ప్రతి తిట్టులోనూ కోడలికి ఒక పాఠం దొరుకుతోంది. లౌక్యంగా అంటే ఏమిటో బిందుకి అప్పుడు తెలిసింది. పక్కవాళ్ల పరువు నిలబెట్టడానికి తన పరువుని నవ్వుతూ పక్కన పెట్టడం కూడా లౌక్యమే. కళ్లు నిండాయి. నెపం పొగ మీదకి నెట్టింది.

అరిసెలు చక్కగా పొంగాయి.

“పిల్లే నయం. అత్తకి ఏటీ రాదు,” అని తేల్చేసింది చిన్నతల్లి.

ఆ మాట బిందుకి మింగుడుపడలేదు. నిజం చెబితే అత్తగారు పడ్డ పాట్లన్నీ వృథా. ఊరుకుంటే ఆ మాట ఆవిడకి మిగిలిపోతుంది.

“అత్తమ్మకి రాక కాదు పెద్దమ్మా,” అంది నెమ్మదిగా. “సారెకి మీ పాకమే ఎల్లాలని, మీ నోటంట సెప్పించేరు.”

చిన్నతల్లి మొహం వెలిగిపోయింది. పళ్లెంలోంచి ఒక అరిసె తీసి భాగ్యవతి చేతిలో పెట్టింది. “ముందే సెప్పొచ్చు గదే! పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు నువ్వు. తిను.”

భాగ్యవతి అరిసె విరిచి, సగం కోడలి నోట్లో పెట్టింది.