తేడా లేదు

డంపింగ్ యార్డు చుట్టూ ఉన్న పన్నెండు బోర్ల నీళ్లను నెలకోసారి సీసాల్లో పట్టి పరీక్షకు తీసుకెళ్లే మనిషిని అందరూ సీసాలాయన అనేవారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు అటు ఆఫీసులోనూ లేరు, ఇటు వీధిలోనూ లేరు. ఆయనకూ అదే అలవాటైపోయింది.

పన్నెండింటిలో పదకొండు చెత్తగుట్టకు పల్లంలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎగువన, ఆయన సొంత అక్క పెరట్లో ఉంది. గుట్టలోంచి కారే మురుగు పల్లానికే దిగుతుంది కాబట్టి ఎగువ నీళ్లు మంచివని ఎనిమిదేళ్ల కిందట తేల్చారు. అప్పటినుంచీ ఆఫీసు కాగితంలో మిగతా బోర్లన్నిటినీ అక్క బోరుతో పోల్చి, చివరి గడిలో తేడా ఎంతో రాస్తారు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి అక్క కాలు నేల మీద నిలవలేదు. వీధిలో ఎవరైనా తమ ఇంటి నీళ్లు తియ్యగా ఉంటాయంటే చాలు, "ఉంటాయిలే. కానీ ఆఫీసు వాళ్లు కొలతగా పెట్టుకుంది మా నీళ్లనే" అని ముఖం మీదే అనేసేది.

మరి ఎనిమిదేళ్లూ గుట్ట చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? పల్లంలో చోటు చాలక వెనక్కి పాకి, అక్క పెరటి గోడ దాకా వచ్చింది. ఆఫీసు పటంలో మాత్రం అది ఉన్నచోటే ఉంది. పటం గీసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు.

ఈ నెల ఫలితాలను సీసాలాయన రెండుసార్లు సరిచూసుకున్నాడు. పల్లపు బోర్లలో ఎంత సీసం ఉందో అక్క బోరులోనూ అంతే ఉంది. ఆఫీసులో పెద్దసారు అదే కాగితం చూసి, చాలా కాలానికి నవ్వాడు.

"చివరి గడి చూశావా? ఒక్క బోరులోనూ తేడా లేదు."

"కింద బాగుపడి కాదు సార్. పైన పాడైంది."

"కావచ్చయ్యా. ఆ మాట రాయడానికి గడి ఏది?"

గడి లేదు. పెద్దసారు 'తేడా లేదు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు. బోరు ఉన్న ఇంటివాళ్లకు ఒక ప్రతి అందాలని నియమం ఉంది, నియమాల దగ్గర ఆయన నిప్పులాంటి మనిషి. ఆ ప్రతిని అక్కకు ఇచ్చి రావలసింది సీసాలాయనే.

వెళ్లేసరికి అక్క రెండేళ్ల మనవరాలికి కప్పుతో నీళ్లు తాగిస్తోంది.

"అక్కా, పాపకు ఆ నీళ్లు పట్టకు. సీసాలో సీసం ఉంది."

"సీసాలో సీసా ఏంట్రా?"

"సీసా కాదు, సీసం. విషం లాంటిది. పిల్లల బుర్ర ఎదగనివ్వదు."

అక్క కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివింది. "తేడా లేదని సంతకం పెట్టి మరీ ఇచ్చారుగా. మీ పెద్దసారుకు తెలియనిది నీకు తెలుసా?"

ఆయన అరగంట గొంతు చించుకున్నాడు. అక్క పట్టిన పట్టు వదల్లేదు. చివరికి ఒక గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అయితే ఇవి తాగవా?"

"తాగను."

"ఈ ఎనిమిదేళ్లలో ఎప్పుడు తాగావు కనక? నీళ్లు బాగున్న రోజుల్లోనూ దాహం లేదనే అన్నావు. ఇవాళేం తేడా?"

శాంపిలు తీసేవాడు పరీక్షించే నీళ్లు నోట పెట్టడు. పనిలో మొదట నేర్చుకునేది అదే. అక్క గడప లోపల కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. అక్క దాన్ని ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుందని ఇవాళే తెలిసింది. సిగ్గేసింది. పాప మళ్లీ కప్పు అందుకుంటుంటే భయమేసింది.

సంచిలో చెయ్యి పెడితే సీసాలకు అంటించే చీటీలు తగిలాయి. వాటి మీద ఎర్ర అక్షరాల్లో 'ప్రయోగశాల నమూనా. ముట్టుకోరాదు' అని ఉంటుంది. గబగబా పెరట్లోకి నడిచి, బోరు కుళాయికి గుడ్డ చుట్టి, దాని మీద చీటీ అంటించి, తేదీ వేసి, ముద్ర కొట్టాడు.

"ఇదేంట్రా?" అంది వెనకే వచ్చిన అక్క.

"ఇకనుంచి నీ బోరు మొత్తం ఆఫీసు నమూనా. ఒక్క చుక్క తగ్గినా పరీక్ష తప్పుతుంది. ఇంట్లోకి ట్యాంకరు నీళ్లు పట్టుకో."

అక్క ముద్రను తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "మొత్తమా?" అంది. ముఖం వెలిగిపోయింది. ఒక్క అంగలో లోపలికి వెళ్లి పాప చేతిలోంచి కప్పు లాక్కుంది.

"వద్దమ్మా, ఇవి ఆఫీసువి."

సీసాలాయన అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతలో గోడ మీంచి పక్కింటావిడ తొంగి చూసింది. ఎనిమిదేళ్లుగా అక్క గొప్పలు విని విని ఆవిడ చెవులు చిల్లులు పడ్డాయి. ఆ వీధి బోర్లన్నీ అడుగున ఒకే నీళ్లు తోడుతాయి.

"తమ్ముడూ, మా కుళాయికీ ఒకటి అంటించి వెళ్లు. వాళ్ల నీళ్ల కంటే మా నీళ్లకేం తక్కువ?"

"ఏం తక్కువ లేదమ్మా. తేడా లేదు" అంటూ ఆయన మళ్లీ ముద్ర బయటికి తీశాడు.