పొగ వంగిన చోటు

ఇంజను ఆపి, వాల్యా బ్రేకు పెడలును ఐదుసార్లు తొక్కాడు. ఆరోసారి తొక్కిపట్టి తాళం తిప్పాడు. ఇంజను లేచింది. పాదం కింద పెడలు కాస్త దిగాలి. దిగలేదు. బండరాయిలా నిలబడింది.

లోపం బ్రేకు ఆయిలుది కాదనుకున్నాడు. చక్రాల దగ్గర తడి లేదు, డబ్బాలో మట్టం తగ్గలేదు. తొక్కే కాలికి బలమిచ్చే పవర్ బ్రేకుకే, ఇంజను నుంచి రబ్బరు పైపులో రావలసిన గాలి లాగుడు అందడం లేదు.

ఇరవై రెండేళ్లు కేసముద్రంలో దొర దగ్గర ఈ కారే నడిపాడు. పాతబడ్డాక దొర కొడుకు శశిధర్ దీన్ని అతనికే వదిలేశాడు. ఇన్నేళ్లలో వాల్యాను ఎవరూ మెచ్చుకోలేదు. వెనక సీట్లోవాళ్లు నిద్రపోతే అదే అతనికి మెప్పు.

వాకిట్లో భార్య లచ్చి సంచి పట్టుకుని నిలబడింది. కాటారం దగ్గరి తండాలో ఆమె తల్లి నీలి నాలుగు రోజులుగా మంచం దిగలేదు. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగి మూడు వారాలైంది.

"పోదామంటవా, వద్దంటవా? అవ్వ కండ్లు మూసినంక పోయి ఏం జేస్త?"

"బ్రేకు లేకుంట అడవి దారిల ఎట్ల పోతం? జర గీ సీట్ల కూసొని పెడలు తొక్కు."

"నేనా? బండి ఉరికితే?"

"రాయి పెట్టిన, ఉరకది. నా మీద కోపమున్నది గద, గట్టిగ తొక్కు."

లచ్చి నిజంగానే గట్టిగా తొక్కింది. వాల్యా బానెట్ ఎత్తి చెవి ఒగ్గాడు. ఇంజను మోతలో సన్నగా 'సుయ్'మంటోంది. బీడీ ముట్టించి, పైపు పొడవునా మెల్లగా పొగ వదిలాడు. పొగ పైకి లేచిపోతోంది. ఒక్కచోట మాత్రం వంగి, దారంలా సన్నబడి, రబ్బరులోకి దూరింది. వాల్యా మళ్లీ ఊదాడు. మళ్లీ దూరింది.

"దొరికిందా?"

"ఆగు, ఇంకోపారి చూడనీ."

"చూసుడేనా, చేసుడున్నదా?"

చిల్లు పడ్డ చోట పైపుకు ఒక తీగ ఒరుసుకుంటోంది. బానెట్‌కు తెలంగాణ ఉద్యమ జెండా కర్రను కట్టిన ఇనుప తీగ అది. దారిలో ఎవరూ ఆపొద్దని తనే, ఊడిపోకుండా లోపలికి తిప్పి బిగించాడు. అదిరి అదిరి తీగ పైపును కోసేసింది.

సైకిల్ ట్యూబు చుడితే అదీ లోపలికి పీల్చుకుపోతుంది. చిల్లు పైపు చివరికి దగ్గరే ఉంది. ఇంజను ఆపి, అంతమేర కోసేసి, మిగిలింది లాగి క్లిప్పు బిగించాడు. ఐదుసార్లు తొక్కి, పట్టి, తాళం తిప్పాడు. పెడలు మెత్తగా దిగింది. జెండా విప్పి వెనక సీట్లో పెట్టాడు.

భూపాలపల్లి ముందు రోడ్డుకడ్డంగా కూర్చున్న యువకులు ఆపారు.

"కాకా, జెండా ఏది? ఆంధ్రకు పోతున్నవా?"

"లోపటున్నది. దాని తీగె నా బ్రేకు తిన్నది. పొద్దుగాల వస్తే మీ మీదికెళ్లే పోతుంటి."

అందరూ నవ్వారు. ఒకడు జెండా తీసి లచ్చి చేతిలో పెట్టాడు. "అక్కా, నువ్వే పట్టుకో." దారి వదిలారు.

పొద్దు వాలేసరికి తండా చేరారు. నీలి కళ్లు తెరిచే ఉంది.

"బస్సుల్లేవు గద బిడ్డా, ఎట్ల వచ్చిన్రు?"

లచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ అల్లుడు బీడీ పొగతోటి బండి బాగు జేసిండే."

"పొగతోటా?" ముసలామె అల్లుడి వైపు చూసింది.

వాల్యా మంచం పక్కన కూర్చుని చెప్పసాగాడు. పైపు ఎక్కడ తెగిందో, పొగ ఎట్లా వంగిందో. అతను అంతసేపు మాట్లాడటం లచ్చి ఎన్నడూ చూడలేదు. చెప్పడం ముగిసేసరికి ఆమె చేతిలో తల్లి వేళ్లు పట్టు వదిలి ఉన్నాయి.

నీలి కోడలు గీత ఏడుస్తూ తలుపు మూలకు చూపింది. అక్కడ ఒక మూట ఉంది. తెల్లారి బస్సుకు లచ్చి దగ్గరికి పోతానని, బస్సులు ఆగిపోయే ముందు రాత్రి నీలి కట్టుకున్నది. మూడు వారాలుగా దాని ముడి ఎవరినీ విప్పనివ్వలేదు.