ఎడమకు వాలిన కుట్లు

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె. చుయ్‌మని చప్పుడు. ముఖానికి వెచ్చగా ఆవిరి... తడిసిన నూలు వాసన.

పెట్టె కదపాలి. కదపడం లేదు నేను.

"ఏమ్మా, ప్యాంటు ఇస్త్రీ చేస్తున్నావా, కాలుస్తున్నావా?" పక్క బల్ల నుంచి కాజాలన్న కేకేశాడు. మా కుట్టు దుకాణంలో గుండీల కాజాలన్నీ ఆయన చేతివే. అందుకే ఆ పేరు.

పెట్టె ఎత్తాను.

పొద్దుటినుంచీ మబ్బు పట్టే ఉంది. కురవదు. పోదు.

రెండు గంటల క్రితం డాక్టరమ్మ నా జబ్బు పేరు చెప్పింది. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. నోరు తిరగదని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

మతిమరుపనుకున్నాను నేను. మధ్యమధ్యలో గంటలకు గంటలు మాయమైపోతున్నాయి, ఏదైనా మాత్ర రాయండని ఆర్నెల్లుగా ఆవిడ చుట్టూ తిరిగాను.

"మాత్రతో పోయేది కాదమ్మా. చిన్నప్పుడు భరించలేనిదేదో జరిగితే, పసిమనసు అది తనకు జరగలేదనుకుంటుంది. జరిగింది ఇంకెవరికో అనుకుంటుంది. ఆ ఇంకెవరో... అలాగే ఉండిపోతారు. పోయిన మూడుసార్లూ ఆవిడ నాతో మాట్లాడింది."

"ఎవరు?"

"మీలో ఉన్న ఇంకొకావిడ."

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. మధ్యలో ఆగిపోయింది. పోయిన మూడుసార్లూ ఆ గదిలో నా టీ చల్లారిపోయింది — నేనొక్క గుక్కైనా తాగకముందే.

"ఆవిడని వెళ్ళగొట్టడం కాదు మన పని. పరిచయం చేసుకోవడం," అంది డాక్టరమ్మ.

పరిచయమట! నా వేళ్ళు వాడుకుంటున్నదానితో. నా ఇంటి తలుపు నా చేత్తో తీసుకుని లోపలికొస్తున్నదానితో.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

నేనూ, నా కూతురూ. ఇద్దరమే.

ఇద్దరమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అప్పుడు తట్టింది. నేను లేని ఆ గంటల్లో నా ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గర ఉన్నదెవరు? ఏం చేసింది దాన్ని?

పిల్ల బడి నుంచి రావడానికి ఇంకా చాలా టైముంది. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కేలా ఉందని దుకాణానికి వచ్చిపడ్డాను.

ప్యాంటు తిరగేశాను. కాలి అంచు. మడత కుట్టు.

నాది కుడిచేతివాటం. నా కుట్లు కుడికి వాలతాయి.

ఇవి ఎడమకు వాలి ఉన్నాయి.

రెండేళ్ళ గొడవ ఇది. నేను సగంలో వదిలేసిన అంచులు ఎవరో పూర్తి చేసి పెట్టేవారు. దుకాణంలో ఎడమచేతివాటం కాజాలన్న ఒక్కడిదే. ఎన్నెన్ని మాటలన్నాను ఆయన్ని! "నువ్వే కుట్టావమ్మా, నా కళ్ళారా చూశాను" అని ఆయన మొత్తుకుంటే, ఆడే అబద్ధమైనా అతికేలా ఆడమని ఎగిరిపడ్డాను. సగం కుట్టినవి సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మెడలో వేసుకున్నాను.

అయినా కుట్లు పడ్డాయి.

తాళంచెవి ఇప్పుడూ మెడలోనే ఉంది. ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

అంచు పొడుగునా వేలితో తడిమాను. ఎక్కడా బిగుసుకోలేదు. ఎక్కడా వదులవలేదు. నాకంటే బాగా కుట్టింది మహాతల్లి. ఇంత జరిగాక కూడా, ఆ పనితనం చూసి నాకు ఒళ్ళు మండింది!

"అన్నా," అన్నాను. "ఆ కుట్లు నేనే కుట్టాను."

కాజాలన్న తలెత్తాడు. ఏదో వేళాకోళం ఆడబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు.

"ఇంటికెళ్ళమ్మా," అన్నాడు మెల్లగా. "మిగతాది నేను చూసుకుంటాలే."

వీధిలో నడిచాను. అద్దాల కొట్లముందు తల తిప్పుకుని నడిచాను.

మబ్బు పట్టే ఉంది. కురవదు. పోదు.

పిల్ల వచ్చింది. సంచీ ఒక మూల, బూట్లు చెరో మూల. స్నానం చేయించే వంకతో దాని ఒళ్ళంతా వెతికాను. వీపు. భుజాలు. చెవుల వెనక. మోకాలి మీద ఆటల్లో తగిలిన దెబ్బ తప్ప ఏమీ లేదు. అయినా మళ్ళీ మొదటినుంచీ వెతికాను.

జడ వేస్తూ అడిగాను. ఎలా అడగాలో తెలియక తడబడుతూ అడిగాను.

"నేనెప్పుడైనా... వేరేలా ఉంటానా?"

"ఎడంచేతి అమ్మలాగా?"

దువ్వెన జారిపోయింది.

"నీకు తెలుసా?"

"ఓ! ఎప్పట్నుంచో."

"నిన్ను కొడుతుందా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. "ఎందుక్కొడుతుంది? తనకే భయం. ఉరిమితే బల్ల కింద దూరుతుంది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చుంటా. తగ్గాక నువ్వొచ్చేస్తావు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలిస్తే తనని పంపించేస్తావంది."

ఉరుములంటే నాకు భయం లేదు. అది నా గొప్ప. చిన్నప్పటినుంచీ అందరితో చెప్పుకునేదాన్ని. వాన వెలిశాకే చూసేదాన్ని ఎప్పుడూ... తడిసిన వీధి, కిటికీ అంచున చుక్కలు. మొద్దునిద్ర నాదని మురిసిపోయేదాన్ని.

విననే లేదు నేను. ముప్ఫైనాలుగేళ్ళలో ఒక్క ఉరుమైనా విననే లేదు. ఎవరో విన్నారు నా బదులు. అన్నీ విన్నారు.

ఆ చెయ్యి పట్టుకున్నది నా పిల్ల. నేను కాపాడాల్సిన పిల్ల.

ఏడుపు తన్నుకొచ్చింది. భయం తగ్గలేదు. సిగ్గు కూడా వచ్చి చేరింది.

రేపు బడికి దాని గౌను ఇస్త్రీ చేయాలి. లేచాను. తడిగుడ్డ పరిచాను. కిటికీ బయట మబ్బు కిందికి దిగింది.

ఒక మెరుపు. ఉరుము ఇంకా రాలేదు.

పిల్ల లేచింది. బల్ల కింది కుర్చీని లాగి గోడవారకు జరిపింది. అలవాటైన పనిలా. బల్ల కిందికి దూరి, పక్కన చోటు వదిలి కూర్చుంది.

"పంపించను," అన్నాను. పిల్లతో కాదు. నిజంగా అన్నానో, ఊరికే అన్నానో... నాకే తెలియదు.

చుయ్‌మంది తడిగుడ్డ. ముఖానికి వెచ్చగా ఆవిరి. పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టాను. ప్లగ్గు తీశాను.

తీసిన చేతి వంక చూశాను.

కుడిచెయ్యే.

ఇంకా కుడిచెయ్యే.