గుంట గట్టున కేక

ఆదివారం సాయంత్రం అయిదు దాటాక ఇటుకబట్టీ వెనక మట్టి తవ్విన గుంటలో ఆరేళ్ళ పిల్లవాడు మునిగిపోయాడు. పదేళ్ళ అక్క గట్టు మీదే ఉంది. మేనమామ నేర్పినట్టే చేసింది.

మేనమామ పిల్లలకు ఈత నేర్పుతాడు. వీధి అతన్ని మాస్టారంటుంది. పోయినేడు ఆ గుంటలో ఒక పిల్ల పోయింది. ఆమెను పట్టుకోబోయి దూకిన అన్నా పోయాడు. అప్పటినుంచి మాస్టారు సాయంత్రాలు వీధి పిల్లల్ని గట్టున నిలబెట్టి ఒకటే సాధన చేయించాడు: దూకొద్దు, తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరాలి, పెద్దవాళ్ళు వచ్చేదాకా అరవాలి. మునిగేవాడి వేషం ఎప్పుడూ మేనల్లుడిదే. గడ్డిలో పడుకుని చేతులు కొట్టుకునేవాడు.

ఆదివారం సాధన లేదు. బంతి నీళ్ళలో పడింది. అందుకోబోయి తమ్ముడు జారాడు.

"మునిగిపోతున్నాడు, రండి!"

అమ్మాయి కేక వీధికి వినిపించింది. దర్జీ కుట్టు ఆపలేదు.

"మొదలైంది మాస్టారి నాటకం. ఆదివారమైనా మన చెవులకి సెలవు లేదు."

"అది గొంతా, రైలు కూతా?" అన్నాడు పక్కన సైకిళ్ళు బాగుచేసే అతను, ట్యూబుకు గాలి కొడుతూ.

ఇంట్లో మాస్టారు గడ్డం గీసుకుంటున్నాడు.

"విన్నావా అక్కా? నీ కూతురు సెలవురోజు కూడా వదల్లేదు."

"చిన్నాడేడిరా?" అంది పిల్లల తల్లి.

"అక్కడే ఉంటాడు. వాడు లేందే మునిగేదెవరు?"

ఆమె నవ్వింది. కేక మళ్ళీ వినిపించింది.

"గొంతు చించుకోవాలే అని నిన్ననే చెప్పాను. ఇవాళ కుదిరింది," అని మాస్టారు రెండో చెంపకు సబ్బు రాసుకున్నాడు.

మొదటిసారి విసిరిన డబ్బా తమ్ముడి వెనక పడింది. తాడు లాగి మళ్ళీ విసిరేసరికి వాడు పైన లేడు. అమ్మాయి ఇంకా అరిచింది. ఎవరూ రాకపోయేసరికి ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో ఆగింది. గుంట వైపు చెయ్యి చూపించింది.

"నేను దూకలేదు మామయ్యా," అంది.

మాస్టారు సబ్బు మొహంతోనే పరుగెత్తాడు. వెనక దర్జీ, సైకిళ్ళతను. మాస్టారు మూడోసారి మునిగినప్పుడు పిల్లవాడు చేతికి దొరికాడు. గట్టున పడుకోబెట్టి రొమ్ము నొక్కుతూ, నోట్లోకి ఊపిరి ఊదుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, దుప్పటి మొహం మీదికి లాగింది.

మర్నాడు పోలీసు వచ్చాడు. పెద్దవాళ్ళని అడిగాడు.

"పిల్ల అరిచిందంటున్నారు. ఎవరికీ వినపళ్ళేదా?"

"వినపడిందండీ," అన్నాడు దర్జీ.

మాస్టారూ అదే చెప్పాడు.