గిన్నె ఖాళీగా వెళ్ళదు

మా ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, కాలేజీ పని కాలేజీలో వదిలి రారు. యూనివర్సిటీ కాలేజీలో అంతర్జాతీయ భద్రత పాఠం చెబుతారు. ఊళ్ళో మగవాళ్ళు సాయంత్రం ఇంటికి మల్లెపూలు తెస్తారు. ఈయన ఈవేళ ఒక సరిహద్దు తెచ్చారు. చెప్పుల స్టాండు పక్కన పెట్టమన్నాను. తడిగా ఉందని వరండాలో ఆరేశారు, మా గుమ్మానికీ ఎదురింటి సుగుణమ్మగారి గుమ్మానికీ మధ్య.

ఆరేకొద్దీ అది సాగుతోంది. వరండా కూడా దాంతోపాటే సాగుతోంది. ఎదురింటి తలుపు ఇప్పుడు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

అదేమీ పట్టించుకోకుండా సుగుణమ్మగారు గోంగూర పచ్చడి పంపుతారు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపే అలవాటు మా రెండిళ్ళలోనూ లేదు. కాస్త పంచదార పోసి మా అమ్మాయి మైత్రేయి చేతికిస్తాను.

“ఆగు,” అంటారు ఆయన. “పచ్చడి పంపారంటే వాళ్ళ దగ్గర నిల్వ ఉందన్నమాట. మనం చిటికెడు పంచదార పంపితే లోకువైపోతాం. పెద్ద గిన్నెలో పంపు.”

“పచ్చడికి ఇంత ఆలోచనెందుకండీ?”

“నేను ఆలోచించేది పచ్చడి గురించి కాదు. రేపు వాళ్ళు ఏం పంపగలరో దాని గురించి.”

వినడానికి సబబుగానే ఉంటుంది. నాకు భయమేసేది అందుకే.

పెద్ద గిన్నె వెళ్తుంది. అటునుంచి గుండిగ వస్తుంది. మేము బిందె పంపుతాం, అటునుంచి గంగాళం వస్తుంది. అంతకన్నా పెద్ద గంగాళం మేము సిద్ధం చేస్తాం. ఇప్పుడు వాటిల్లో పచ్చడీ లేదు, పంచదారా లేదు. మూత కింద ఏదో ఊపిరి పీలుస్తోంది. మూత తీసి చూడటం ఒప్పందానికి విరుద్ధం అంటారు ఆయన. ఏ ఒప్పందమండీ అంటే, చూడకూడదన్న ఒప్పందమే అంటారు.

మోసేది మైత్రేయి. ఒకటో తరగతి పిల్ల. తలమీద గంగాళంతో వెళ్తూ వెళ్తూ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

“ఏమైందే?”

“కాళ్ళు రావట్లేదమ్మా.”

దాని పాదాలు తెల్లబడుతున్నాయి. సున్నం. గౌను మీద నల్లరంగు అంకె ఒకటి తేలుతోంది. నా బిడ్డ హద్దురాయి అవుతోంది.

“ఆ గంగాళం దించెయ్యమని చెప్పండి.”

“ముందు మనం తగ్గితే వాళ్ళు మీదికొస్తారు. వాళ్ళనే తగ్గనీ.”

వరండా చివరన ఉన్న సుగుణమ్మగారికి కేకేస్తాను. “వదినా, మీరే ఒక మెట్టు తగ్గరాదూ?”

చాలాసేపటికి సన్నగా జవాబొస్తుంది. “మా వారూ ఇదే అంటున్నారు వదినా, ముందు మీరే తగ్గాలట. ఫ్యాన్లు బాగుచేసుకునే మనిషి, ఈ మాటలు ఎక్కడ పట్టారో.”

సున్నం మోకాళ్ళు దాటుతుంది. నేను పరిగెత్తుతాను. ఎంత పరిగెత్తితే వరండా అంత సాగుతుంది. వెనక్కొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే మాత్రం సాగదు. సరిహద్దు తెచ్చినవాళ్ళ అడుగు దానికి తెలుసు.

మేము చేరేసరికి సున్నం గడ్డం కింద ఉంది. పెదాలు అతుక్కుపోకుండా మైత్రేయి నోరు బార్లా తెరిచి ఉంచుతోంది. వంగి చూస్తాం. లోపల, నాలుక ఉండాల్సిన చోట, తరగతి గది ఉంది. బెంచీల నిండా ఆయన విద్యార్థులు కలాలెత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

ఆయన గొంతు సవరించుకుంటారు. “కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఈ సిద్ధాంతం...”

సున్నం కింది పెదవిని తాకుతుంది.

“నేను చెప్పింది తప్పు,” అని గొణుగుతారు.

ముందు బెంచీలో గోరంత అమ్మాయి ఒకతె తలెత్తుతుంది. “వినపడలేదు సార్. మళ్ళీ చెప్పండి.”

ఆయన మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల నోటి దగ్గర నోరు పెట్టి, వరండా రెండు చివరలకీ వినపడేలా అంటారు.

“తప్పు నాదే. నాకు భయమేసింది, అంతే.”