వాచ్‌మన్ చెయ్యి

రోజూ ఉదయం ఎనిమిదింటికి తొమ్మిదిమంది ఆడవాళ్ళూ కుట్టు షెడ్డులోకి రాగానే, ఓనరు వాళ్ళ ఫోన్లు తీసుకుని బయటి నుంచి షట్టర్ దించి తాళం వేస్తాడు. దొంగల భయం అంటాడు. ఆ తాళం దొంగల కోసం కాదని లోపలున్న అందరికీ తెలుసు. ఒకరు కాలర్లు, ఒకరు చేతులు, ఒకరు కాజాలు. ఏళ్ళ తరబడి కుడుతున్నా, ఒక్క చొక్కా చూపించి ఇది మొత్తం నేనే కుట్టానని చెప్పుకోగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆవేళ కాలర్లు కుట్టే అమ్మాయికి సూది మీద చూపు నిలవడం లేదు. నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. ఐదింటిలోపు వెళ్ళి సంతకం పెట్టకపోతే వేరేవాళ్ళకి పోతుంది. నిన్న అడిగితే "ఆర్డరు వెళ్ళాక చూద్దాం" అన్నాడు ఓనరు. ఇప్పుడు నాలుగు దాటింది. ఆయన ఆరింటికి గానీ రాడు.

"వీధిలో చూడండే, మన వాచ్‌మన్," అంది చేతులు కుట్టే పెద్దక్క, స్టూలెక్కి వెంటిలేటర్‌లోంచి చూస్తూ.

టీవీలో ఏడు గంటల సీరియల్లో కోటీశ్వరుడి బంగళా గేటు తెరిచేది ఆయనే. పద్నాలుగేళ్ళుగా అదే పాత్ర, ఒక్క మాటా లేదు. హారన్ మోగితే సెల్యూట్ కొడతాడు. గేటు తెరుచుకుంటుంది. కారు దాటాక చెయ్యి దించుతాడు. ఇప్పుడు వీధిలో హారన్ వినబడినా చెయ్యి లేస్తుంది, దగ్గర్లో ఉన్న తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి ఎవరో ఒకరు దాటేదాకా చెయ్యి దిగదు. పోయినవారం పక్కవీధి మంగలి షాపులోంచి ఒకాయన సగం గడ్డంతో బయటికొచ్చి, ఆయన చెయ్యి దిగాక మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడట.

"టీవీలో లావుగా ఉంటాడు గదక్కా," అంది కాజాలామె.

"జీతమేమన్నా లావుగా ఇస్తారా?"

కాలర్లమ్మాయి స్టూలెక్కి, వెంటిలేటర్‌కి నోరానించి "పీఁ... పీఁ" అంది. ఆయన అటూ ఇటూ చూసి నడక సాగించాడు.

"దూడ అరిచినట్టుంది. జరగవే," అని పెద్దక్క లారీ హారన్ కొట్టింది నోటితో.

చెయ్యి లేచింది. తాళం ఊడి పడింది. షట్టర్ గలగలా పైకెళ్ళింది.

ఎవరూ గడప దాటలేదు. అలవాటుగా మెషీన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఓనరు చూశాడంటే రేపట్నించి పని ఉండదే," అంది పెద్దక్క మెల్లిగా.

బయట ఆయన చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది.

"అమ్మా," అన్నాడు. ఆ గొంతు వాళ్ళు వినడం అదే మొదటిసారి. "ఒక్కరైనా దాటండమ్మా. చెయ్యి పీకేస్తోంది."

కాలర్లమ్మాయి సగం కుట్టిన కాలర్ని మెషీన్లోనే వదిలేసి గడప దాటింది. చెయ్యి దిగసాగింది.

"వెళ్ళొస్తా బాబాయ్," అని పరుగెత్తింది.

ఐదుకి పది నిమిషాలుందనగా సంతకం పెట్టేటప్పుడు కూడా, వీధి మలుపులో వెనక్కి తిరిగినప్పుడు కనబడిందే ఆమె కళ్ళలో ఉంది. షట్టర్ కింద పెద్దక్క నిలబడి ఉంది, ఒంటినిండా దారప్పోగులతో, ఒక కాలు గడప బయట పెట్టి. వాచ్‌మన్ అప్పుడే దించిన చెయ్యిని మళ్ళీ నుదుటి దాకా ఎత్తుతున్నాడు.

హారన్ ఎవరూ కొట్టలేదు.